రామేశ్వరం గోడలోని రాయి

పోయిన నెల ఈ శీర్షికలో కోరంగి మడ అడవుల గురించి రాస్తూ, మాటవరసకి మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కు పేరెత్తాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. రాసినవాళ్ళంతా ఒకసారైనా రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళే. స్వామి దర్శనం, ఇరవై రెండు తీర్థాల స్నానం, ధనుష్కోటి అయ్యాక ఏదో ఒక అనుమానం మిగిలిపోయి దాన్ని దాచుకున్నట్టున్నారు. అందుకే ఈ నెల జవాబులన్నీ ఆ సముద్రం గురించే.

ముందుగా రెండు ముక్కలు. తమిళనాడులో రామేశ్వరం దగ్గర్నుంచి తూత్తుకుడి దాకా తీరానికి కాస్త ఎడంగా వరసగా 21 చిన్న దీవులున్నాయి. వాటినీ, చుట్టూ ఉన్న లోతు తక్కువ నీళ్ళనీ కలిపి 1986లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 560 చదరపు కిలోమీటర్లు. నేను జువాలజీ విద్యార్థినిగా మొదటిసారి అక్కడికి వెళ్ళింది అంతకు రెండేళ్ళ ముందు, 1984 జనవరిలో. ఆ తర్వాత లెక్చరర్‌గా మా పిల్లల్ని ఎన్నోసార్లు తీసుకెళ్ళాను.

ప్ర: మేడమ్, రామేశ్వరంలో నీళ్ళతొట్టిలో తేలుతున్న రాయి చూశాం. చేత్తో అడుగుకి ముంచినా మళ్ళీ పైకొచ్చింది. మా అబ్బాయి అది రాయే కాదన్నాడు, మా అత్తగారు కోప్పడ్డారు. ఇంట్లో ఇప్పటికీ వాదనే. ఎవరిది నిజం?
*– గృహిణి, నరసరావుపేట*

జ: రాయే. ఆ విషయంలో మీ అత్తగారిదే నిజం. నేను చేత్తో పట్టుకుని చూసినవి రెండు రకాలు.

ఒకటి అగ్నిపర్వతం రాయి, ప్యూమిస్ అంటారు. మడమలు రుద్దుకోవడానికి షాపుల్లో అమ్మేది అదే. కరిగిన రాయి గాలిబుడగలతో నురగలా పొంగి ఒక్కసారిగా గట్టిపడితే ఇది తయారవుతుంది. ఒళ్ళంతా బుడగలే కాబట్టి తేలుతుంది. రామేశ్వరం దగ్గర అగ్నిపర్వతం లేదుగా అంటారేమో, సముద్రానికి సరిహద్దులు లేవు. 1883లో ఇండోనేషియాలో క్రకటోవా పేలినప్పుడు ఈ రాళ్ళు తెప్పల్లా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా ఒడ్డుదాకా కొట్టుకుపోయాయి.

రెండోది పగడపు రాయి. ఇది మామూలుగా మునుగుతుంది. కానీ బాగా ఎండి, లోపలి గదుల్లో గాలి చిక్కుకుపోయిన తేలికపాటి ముక్క కొంతకాలం తేలుతుంది. గుర్తుపట్టడం తేలిక. ప్యూమిస్‌లో రంధ్రాలు అడ్డదిడ్డంగా, చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. పగడపు రాయిలో ఒకే సైజు నక్షత్రాలో, తేనెపట్టు గదులో వరసగా కనిపిస్తాయి. ఎక్కడైనా ఒడ్డున దొరికిన రాయి మీద మీ అబ్బాయిని ఒక చుక్క నిమ్మరసం వేసి చూడమనండి. పగడపు రాయి సున్నమే కాబట్టి సన్నగా బుసబుసమని పొంగుతుంది, ప్యూమిస్ పొంగదు. గుళ్ళో పూజలో ఉన్న రాయి మీద మాత్రం వద్దు.

ప్ర: మీరు జంతుశాస్త్రం చెప్పేవారు కదా. దీవులు, రాళ్ళు భూగర్భశాస్త్రం వాళ్ళ పని. మీ పిల్లల్ని అక్కడికి ఎందుకు తీసుకెళ్ళేవారు?
*– రిటైర్డ్ ఇంజినీరు, విజయనగరం*

జ: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానండీ. ఆ సముద్రంలో రాయినీ ప్రాణినీ విడదీయలేం.

ధనుష్కోటిలో కూలిపోయిన చర్చి గోడలున్నాయి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫాను ఆ ఊరిని ఊడ్చేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలును మనుషులతో సహా సముద్రం మింగేసింది. ఆ గోడ దగ్గర పిల్లల్ని నిలబెట్టి, ముఖాలు రాయికి జానెడు దూరంలో పెట్టి చూడమనేదాన్ని. దూరం నుంచి బూడిదరంగు మొరటు రాయి. దగ్గరికి వస్తే ఒంటినిండా చిన్న చిన్న అరలు. చిటికెనవేలి గోరంత వెడల్పు గదులు, ఒకదాని గోడను ఒకటి పంచుకుంటూ తేనెపట్టులా ఉంటాయి. ఒక్కో గదిలో అంచు నుంచి నడిమధ్యకి చక్రం ఆకుల్లాంటి సన్నటి రేకులు. వేలు పెడితే గరుగ్గా గీసుకుంటుంది. ఆ ఒక్కో గది ఒక్కో ప్రాణి ఇల్లు. ఆ గోడ కట్టింది మేస్త్రీలే అయినా అందులోని రాయిని కట్టింది ఆ ప్రాణులే. మా పిల్లలు అక్కడ మాట్లాడటం మానేసి రాయిని తడుముతూ నిలబడిపోయేవారు.

ఆ ప్రాణి పేరు పాలిప్. మెత్తటి చిన్న సంచి, పైన ఒక నోరు, నోటి చుట్టూ వేళ్ళలాంటి తీగలు. అంతే దాని శరీరం. సముద్రపు నీటిలోని కాల్షియం తీసుకుని తన కింద సున్నపు గిన్నె కట్టుకుంటుంది. దాని కణాల్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండ తాగి ఆహారం వండి, అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికే ఇస్తుంది. ఎండ కావాలి కాబట్టి పగడాలు లోతులో దిబ్బలు కట్టవు. గుండ్రటి బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూగా పెరుగుతాయి. కొమ్మల్లా పెరిగేవి ఇంకా వేగం. బండరకాన్ని కోసి ఎక్స్‌రే తీస్తే చెట్టు మానులో ఉన్నట్టే ఏడాదికో గీత కనిపిస్తుంది.

పాత తరం చచ్చిపోతే దాని గిన్నె మీద కొత్త తరం గిన్నె కడుతుంది. అలా వేల ఏళ్ళకి దిబ్బ లేస్తుంది. తుఫానుకి కొమ్మలు విరుగుతాయి, అలలు వాటిని నలగ్గొడతాయి. చిలక చేపలు ముక్కులాంటి పళ్ళతో దిబ్బను కొరికి, రాయిని మింగి, తెల్లటి ఇసుకగా బయటికి వదులుతాయి. ఆ పెంకులు, గుల్లలు, ఇసుక దిబ్బ వెనక పోగుపడితే దీవి. ఈ 21 దీవులూ అలా పుట్టినవే. పాంబన్ దగ్గరి ఒకదాని పేరే శింగిల్, అంటే గులకల దీవి. ఆ గులకలు వాగులో దొర్లిన గులకలు కావు, విరిగిన పగడపు కొమ్మలు. నడిస్తే చెప్పుల కింద పింగాణీ ముక్కల్లా గలగలమంటాయి.

రామేశ్వరం ఉత్తరపు ఒడ్డున పగడపు దిబ్బ ఒకటి అలలకి అందకుండా పొడిగా నిలబడి ఉంటుంది. పగడం గాలిలో పెరగదు. అంటే అది పెరిగిన రోజుల్లో సముద్రం ఇంకాస్త ఎత్తున ఉండేది. ఈ చుట్టుపక్కల పగడాలకి కార్బన్ పరీక్ష చేస్తే నాలుగైదు వేల ఏళ్ళ వయసు వచ్చింది. మీరు రైలు దిగి ఆటో ఎక్కే ఆ నేల అంత కొత్తది. మన తూర్పు కనుమల రాళ్ళ వయసు వందల కోట్ల ఏళ్ళలో లెక్కపెడతాం. దాని పక్కన పెడితే రామేశ్వరం నిన్న పుట్టిన పసిబిడ్డ.

ప్ర: రామసేతువు మనుషులు కట్టిందా, ప్రకృతి కట్టిందా? సూటిగా చెప్పండి.
*– డిగ్రీ విద్యార్థి, వరంగల్*

జ: భక్తి నీ మనసుకి సంబంధించింది, అందులో నేను జోక్యం చేసుకోను. నేనూ అగ్నితీర్థంలో దణ్ణం పెట్టి మునిగిన మనిషినే. నీళ్ళ కింద ఏముందో మాత్రం చెబుతాను.

ధనుష్కోటి కొస నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ దాకా దాదాపు 30 కిలోమీటర్ల మేర ఇసుక తిన్నెల వరస ఉంది. చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అడుగున మెరకగా ఉన్న పాత రాతి పొరల మీద, రెండు వైపుల నుంచీ వచ్చే ప్రవాహాలు ఇసుక తెచ్చి పోస్తాయి. ఆ తిన్నెలు ఒకచోట స్థిరంగా ఉండవు, ఏడాదిలో గాలి తిరిగినప్పుడల్లా ఆకారం మారుతుంది.

20,000 ఏళ్ళ క్రితం నాటి మాట కూడా విను. అప్పుడు భూమి మీద నీరు చాలావరకు మంచుగా గడ్డకట్టి ఉంది. సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. పాక్ జలసంధి చాలాచోట్ల 15 మీటర్ల లోతు కూడా ఉండదు కదా, కాబట్టి అప్పుడు ఇక్కడి నుంచి శ్రీలంకకి కాలినడకన వెళ్ళొచ్చు. ఏనుగు, చిరుతపులి రెండుచోట్లా ఉన్నాయంటే ఆ నేలదారే కారణం.

ఒడ్డున నేల మీద పరిచిన గచ్చులా నలుచదరపు పలకలు కనిపిస్తే ఎవరో చెక్కినట్టే అనిపిస్తుంది. ఇసుకనీ గవ్వలనీ సున్నం అతికించి గట్టిపడ్డ తీరపు రాయి అది. పగుళ్ళు అడ్డంగా నిలువుగా పోయి పలకల్లా విడిపోతుంది. దగ్గరగా చూడు, రాయిలో గవ్వలు అలాగే కనిపిస్తాయి.

ప్ర: ధనుష్కోటిలో ఒకవైపు సముద్రం చెరువులా ఉంది, రోడ్డు దాటితే రెండోవైపు అలలు విరుచుకుపడుతున్నాయి. ఎందుకలా?
*– బ్యాంకు ఉద్యోగి, కర్నూలు*

జ: అక్కడి జాలర్లు నిమ్మళంగా ఉన్నదాన్ని ఆడ సముద్రం అనీ, ఎగసిపడేదాన్ని మగ సముద్రం అనీ అంటారు. మన పురోహితులు మహోదధి, రత్నాకరం అని సంకల్పంలో చెబుతారు. ఉత్తరాన ఉన్నది పాక్ అఖాతం. లోతు తక్కువ, చుట్టూ నేల, పెద్ద అల పుట్టడానికి చోటు లేదు. దక్షిణాన మన్నార్ సింధుశాఖ హిందూ మహాసముద్రానికి తెరుచుకుని ఉంది. ఎక్కడో పుట్టిన అల కూడా నేరుగా వచ్చి కొడుతుంది. అయితే ఈశాన్య గాలి తిరిగాక ఆడ సముద్రం కూడా రేగుతుంది, ఆ నెలల్లో జాలర్లు పడవలు మగ సముద్రం వైపు మారుస్తారు. 1964లో ముంచింది ఈ రెండు సముద్రాలూ ఏకమై వచ్చిన ఉప్పెన.

ప్ర: మనకి ఇంత పొడవు కోస్తా ఉంది. కాకినాడలోనో విశాఖలోనో అలాంటి పగడపు దిబ్బలు ఎందుకు లేవు?
*– స్కూలు టీచరు, అమలాపురం*

జ: మీ ఊరి గోదావరే కారణమండీ. పగడానికి వెచ్చటి నీరు కావాలి, ఉప్పు తగ్గకూడదు, అన్నిటికంటే ముఖ్యం నీరు అద్దంలా ఉండాలి. వరదల్లో గోదావరి, కృష్ణ తెచ్చే ఎర్ర నీటిని చూశారుగా. ఆ ఒండ్రు పాలిప్ నోట్లో పడితే ఊపిరాడదు, నాచుకి ఎండ అందదు. మన దగ్గర రాళ్ళకి అంటుకుని అక్కడక్కడా పగడపు ప్రాణులు కనబడ్డా దిబ్బ కట్టేంత తెరిపి వాటికి లేదు. మన్నార్ వైపు పెద్ద నది లేదు. వైగై నీళ్ళు చాలావరకు రామనాథపురం చెరువుల్లోనే ఇంకిపోతాయి. నది తెచ్చే బురద మనకి వరిచేలూ మడ అడవులూ ఇచ్చింది. బురద లేకపోవడం వాళ్ళకి పగడాలు ఇచ్చింది.

ప్ర: జాతకంలో కుజదోషం ఉందని పగడం పెట్టుకోమన్నారు. రామేశ్వరంలో కొంటే అసలుది దొరుకుతుందా?
*– పేరు వద్దన్నారు, ఒంగోలు*

జ: దొరకదు. నవరత్నాల్లోని ఎర్ర పగడం వేరే జాతి, ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో పెరిగేది. అక్కడి నుంచి ఎన్నో శతాబ్దాలుగా వర్తకులు మన దేశానికి తెచ్చారు. మన్నార్ పగడాలు ఎండితే తెల్లటి సున్నపురాయి, అంతే. పైగా దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. తెల్ల కొమ్మను షోకేసులో పెట్టుకుందామని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అది పులిగోరు కొన్నట్టే.

ప్ర: రామేశ్వరంలో దక్షిణావర్త శంఖం అని ఆరు వేలు పెట్టి కొన్నాను. మా బంధువు మోసపోయావంటున్నారు. తేల్చేదెలా?
*– వ్యాపారి, ఖమ్మం*

జ: శంఖం అంటే ఒక నత్త ఇల్లు. మన్నార్ సింధుశాఖలో ఇసుక అడుగున పురుగుల్ని తింటూ బతికే నత్త. తూత్తుకుడి శంఖాల వేట, ముత్యాల వేట పాండ్యరాజుల కాలం నుంచీ పేరుపడ్డవే. ముత్యాల కోసం ప్రభుత్వం అనుమతించిన ఆఖరి వేట 1961లో ముగిసింది.

మీ శంఖాన్ని పూజలో పట్టుకునేట్టు సన్నటి తోక పైకి, చుట్టలున్న కొస కిందికి ఉండేలా, నోరు మీవైపు తిప్పి పట్టుకోండి. నోరు ఎడమ పక్కకి ఉంటే మామూలు శంఖం. కుడివైపు ఉంటే దక్షిణావర్తం. ఈ నత్తల్లో అలా తిరిగి పుట్టేది అత్యంత అరుదు.

అసలు పరీక్ష ఇంకొకటుంది. అమెరికా తీరంలో వేరే జాతి నత్త ఒకటి ఉంది. అది పుట్టుకతోనే ఆ వైపుకి చుట్టుకుంటుంది, ప్రతిదీ అంతే. వాటిని తెచ్చి ఇక్కడ దక్షిణావర్తం పేరుతో అమ్ముతున్నారు. నోటి లోపల వేలు పెట్టి నడిమి స్తంభాన్ని తడమండి. మన శంఖమైతే మూడు నాలుగు గట్టి మెలికలు గట్లలా వేలికి తగులుతాయి. అమెరికా నత్తకి అక్కడ నున్నగా ఉంటుంది. మీరు పెట్టిన ధర చూస్తే నాకు నమ్మకం తక్కువగా ఉంది, కానీ వేలు పెట్టి చూశాకే ఒక నిర్ణయానికి రండి. శంఖం ఏదైనా పూజకి లోటేమీ లేదు. అమ్మినవాడు అబద్ధం చెప్పాడన్నదే నా బాధ.

ప్ర: అద్దం అడుగున్న బోటులో ఎక్కించారు. టీవీలో చూపించినట్టు రంగులేమీ లేవు. అంతా గోధుమరంగు, కొన్నిచోట్ల పాలిపోయిన తెలుపు. డబ్బు దండగ అనిపించింది.
*– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్*

జ: గోధుమరంగు చూసి నిరాశపడకండి. ఆరోగ్యంగా ఉన్న పగడం ఎక్కువగా ఆ రంగే. లోపలి నాచు రంగు అది. నన్ను కలవరపెట్టింది మీరు రాసిన ఆ పాలిపోయిన తెలుపు.

సముద్రం మామూలుకంటే వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పాలిప్ తన ఒంట్లోని నాచును బయటికి నెట్టేస్తుంది. దాంతో ఒళ్ళు అద్దంలా అయిపోయి కింది సున్నం తెల్లగా కనబడుతుంది. అప్పటికి అది చావలేదు, పస్తులుంది. నీరు త్వరగా చల్లబడితే నాచు తిరిగొచ్చి కోలుకుంటుంది. లేకపోతే చచ్చి, దాని మీద వేరే పాచి పడుతుంది. మన్నార్‌లో 1998, 2010, 2016 వేసవుల్లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. ఏప్రిల్, మే నెలల్లో వెళితే మీకు కనబడేది చాలాసార్లు అదే.

1984లో నేను చేసిన పని ఒకటి చెప్పాలి. కురుసడై దీవి దగ్గర మోకాలి లోతు నీళ్ళలో అరచేతంత కొమ్మపగడం చూశాను. కొనలు లేత ఊదారంగు. శాంపిల్ తెమ్మన్నారు, విరిచి బకెట్‌లో వేశాను. అప్పట్లో అన్ని కాలేజీల వాళ్ళూ చేసేదే. గంటసేపటికి దాని ఒంటి నుంచి జిగురు కారడం మొదలైంది. సాయంత్రానికి నీళ్ళు నురగ కట్టాయి. మర్నాడు మండపం అనే ఊళ్ళో లాడ్జిలో మూత తీస్తే వాసన భరించలేకపోయాం. పంపు కింద కడిగితే మెత్తటి ఒళ్ళంతా కొట్టుకుపోయి తెల్లటి ఎముక మిగిలింది. అందరూ ఎంత అందంగా ఉందో అన్నారు. నేను చదువుకునేటప్పుడూ, తర్వాత పాఠం చెప్పేటప్పుడూ అది కాలేజీ ల్యాబ్ బీరువాలో ఉండేది. ప్రతి బ్యాచ్‌కీ ఆ బకెట్ సంగతి చెప్పాకే దాన్ని చేతికిచ్చేదాన్ని.

మనుషుల చేతి నష్టం అంతకంటే చాలా పెద్దది. సున్నం బట్టీలకి, ఫ్యాక్టరీలకి దశాబ్దాలపాటు దిబ్బల్ని గునపాలతో పెకలించి పడవలకెత్తారు. 2004 సునామీ వచ్చి వెళ్ళాకే తూత్తుకుడి వైపు అది పూర్తిగా ఆగింది. దిబ్బ లేకపోతే అల నేరుగా దీవిని కోస్తుంది. 21 దీవుల్లో పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు ఇప్పటికే నీళ్ళలో కలిసిపోయాయి. తూత్తుకుడి దగ్గరి వాన్ దీవి 1986లో సుమారు 16 హెక్టార్లుండేది, ముప్పై ఏళ్ళు తిరక్కుండా రెండు హెక్టార్లకు వచ్చింది. దాని ముందు సముద్రంలో కాంక్రీటు దిమ్మెలు వరసగా దింపి అల జోరు తగ్గించాక కోత నెమ్మదించింది. ఆ దిమ్మెల మీద పగడపు పిల్లలు అంటుకుని పెరుగుతున్నాయి. ఆ మాట విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

కాబట్టి మీ డబ్బు దండగ కాలేదమ్మా. జబ్బుపడ్డ దిబ్బను కళ్ళతో చూసి గుర్తుపెట్టుకున్నారు. ఈసారి జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్ళండి. ఆ వైపు సముద్రం అప్పుడు తేటగా ఉంటుంది. అనుమతులు అటవీ శాఖవి, గాలి ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు. ముందురోజే కనుక్కోండి.

ప్ర: పార్కు అని గిరి గీసేస్తే అక్కడి జాలర్ల గతేమిటి? జంతువులకున్న విలువ మనుషులకి లేదా?
*– పాఠకుడు, మచిలీపట్నం*

జ: మీ కోపం అర్థమవుతుంది, మత్స్యకారుల ఊరి నుంచి రాశారు. పాంబన్ దగ్గర చిన్నపాళెం ఆడవాళ్ళని నేను చూశాను. వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని, కాళ్ళకి రేకు కట్టుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని నీళ్ళలో మునిగి రాళ్ళ మీది నాచు కోస్తారు. వాళ్ళ అమ్మమ్మల కాలం నుంచీ అదే బతుకు. పార్కు వచ్చాక దీవుల దగ్గరికి వెళ్తే ఆపడాలు, తగాదాలు, వలలూ సంచులూ లాక్కోవడాలు జరిగాయి. వాళ్ళతో మాట్లాడకుండా గీత గీయడం తప్పేనని నా అభిప్రాయం.

అదే ఆడవాళ్ళు నెలలో 12 రోజులే కోయాలని, నాచు పెరిగే వేసవిలో కొన్నాళ్ళు అసలు దిగకూడదని తమకి తామే కట్టుబాటు పెట్టుకున్నారు. దిబ్బను చేత్తో తడిమి బతికేవాళ్ళకి దాని బాగు మనకంటే బాగా తెలుసు. దిబ్బను నాశనం చేసింది వాళ్ళ చేతి సంచులు కాదు. అడుగంతా ఈడ్చుకుపోయే ట్రాలర్ వలలు, సున్నం పడవలు, కడల్ అట్టై దొంగ రవాణా. తమిళంలో అట్టై అంటే జలగ, మనం పుస్తకాల్లో సముద్ర దోసకాయ అంటాం. ఇసుక మింగి శుభ్రం చేసి వదిలే ప్రాణి. విదేశాల్లో కూరకి దానికి మంచి ధర. 2001 నుంచి నిషేధం ఉన్నా ఎండబెట్టిన బస్తాలు ఇప్పటికీ పట్టుబడుతున్నాయి.

ప్ర: టీచర్ గారూ, అక్కడ సముద్రపు ఆవు ఉంటుందని మా సైన్స్ పుస్తకంలో ఉంది. మీరు చూశారా? అది పాలిస్తుందా?
*– ఎనిమిదో తరగతి విద్యార్థిని, పార్వతీపురం*

జ: దాని పేరు డ్యుగాంగ్, తల్లీ. అక్కడి జాలర్లు కడల్ పసు అనీ, ఆవుళియా అనీ అంటారు. పసు అంటే ఆవే. అది చేప కాదు, మనలాగే ఊపిరి పీల్చుకోవడానికి కొన్ని నిమిషాలకోసారి నీటిపైకి రావాలి. పిల్లకి పాలిస్తుంది. మూడు మీటర్ల పొడవు, నాలుగు వందల కిలోల దాకా బరువు. ఆవుకంటే ఏనుగుకి దగ్గరి చుట్టం, మగవాటికి చిన్న దంతాలు కూడా ఉంటాయి.

తినేది సముద్రపు గడ్డి. నాచు కాదు, వేళ్ళూ పూలూ ఉన్న నిజమైన మొక్క, ఇసుక అడుగున పచ్చిక బయలులా పెరుగుతుంది. తల్లి ఏడాదికి పైగా కడుపులో మోసి ఒకే ఒక్క పిల్లను కంటుంది. ఇంకో పిల్ల పుట్టాలంటే మూడేళ్ళు, ఒక్కోసారి ఏడేళ్ళు పడుతుంది. అందుకే వలలో చిక్కి ఒక్కటి ఊపిరాడక చనిపోయినా ఆ లోటు పూడటం కష్టం. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను కేవలం వీటికోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మన దేశంలో అలాంటిది అదే మొదటిది. వలలో పడ్డదాన్ని, వల కోసి మరీ వదిలేసిన జాలర్లున్నారు. వల అంటే వాళ్ళకి నెలల సంపాదన.

ఇక నేను చూశానా అంటే, లేదమ్మా. అన్నిసార్లు వెళ్ళినా బతికున్నదాన్ని చూడలేదు. కానీ ఒకసారి మండపం దగ్గర ఒక పెద్దాయన పడవ ఆపి, కిందికి చూడమని వేలు చూపించాడు. నీళ్ళు రెండు నిలువుల లోతు, అడుగున గడ్డి ఒత్తుగా ఉంది. ఆ గడ్డిలో జానెడు వెడల్పున ఒక దారి, పాములా మెలికలు తిరిగి చాలా దూరం పోయింది. ఆ దారి పొడుగునా గడ్డి వేళ్ళతో సహా లేదు, తెల్లటి ఇసుక మాత్రమే ఉంది. అంచుల్లో కొన్ని పచ్చి ఆకులు ఇంకా నీళ్ళలో తేలుతున్నాయి. "రాత్రి మేసి పోయింది" అన్నాడాయన.